దిష్టి తగిలిన హారను

ఆ రోజుల్లో మా అనంతపురం వైపు లారీ అంటే ఇంజనూ ఆరు చక్రాలూ కాదు, ఇంట్లో ముసలాయన లాంటిది. ఎండెక్కువైతే విసుక్కునేది, చలికాలం పొద్దున్నే లేవమంటే మూలిగేది, తోలేవాడి మొహం చూసి మరీ మొండికేసేది. అలాంటి లారీల కరెంటు జబ్బులకు నాడి చూసే వైద్యుణ్ణి నేను. రాయదుర్గం నుంచి చిలమత్తూరు దాకా నా చెయ్యి పడని లారీ లేదు. షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ, రోడ్డున పోయే లారీ మోత విని, కళ్ళు తెరవకుండానే 'దీని డైనమో రేపటికి పోతుంది' అనేవాణ్ణి. పోయేది. (ఇంతవరకు చదివి నమ్మినవాళ్ళు ఇక్కడే ఆపి లేచి వెళ్ళిపోతే నా పరువు దక్కుతుంది. మిగతావాళ్ళకు నిజం చెప్పక తప్పదు. అలా ఒక్కసారే అన్నాను. మర్నాడు ఆ లారీ డైనమో పోలేదు, టైరు పోయింది. ఏదో ఒకటి పోయింది కదా అని నేను ఆ జోస్యాన్ని ఇన్నాళ్ళూ వాడుకుంటున్నాను.)

అసలు సంగతేమంటే, అప్పటికి నేను ఊరి చివర ఒక కరెంటు పని షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి. మీసం సరిగా రాలేదు గానీ, చెవి వెనక స్క్రూడ్రైవరు మాత్రం ఎప్పుడూ ఉండేది. షెడ్డు మా ఉస్తాద్‌ది. లారీల తీగెల్లో పుట్టి పెరిగిన మనిషి. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ టీ తాగేవాడు. నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం, తీగెలో కరెంటుందో లేదో చూపించే టెస్ట్ లైటు వెలిగేదాకా నోరు తెరవద్దని. రెండోది ఇంకా ముఖ్యమైనది: 'బండికి కట్టిన దిష్టి నిమ్మకాయల జోలికి పోవద్దు బేటా. వాటిని ముట్టుకున్నావనుకో, రేపు ఆ బండికి పంచరైనా మన పేరే చెప్తారు.' మొదటి పాఠం నేను ఒక్కరోజు కూడా పాటించలేదు. రెండోది ప్రాణం పెట్టి పాటించాను. ఈ కథంతా అక్కడే ఉంది.

ఆ వేసవిలో ఉస్తాద్ చెల్లెలి కూతురి పెళ్ళికని రాయదుర్గం బయల్దేరాడు. పోతూ పోతూ, 'షెడ్డు చూసుకుంటాండు. చిన్నా చితకా ఉంటే చెయ్యి. పెద్ద పని వస్తే నేను వచ్చినాక అని చెప్పు' అన్నాడు. మొదటి మాట ఒక్కటే నాకు వినపడింది. బస్సు మలుపు తిరిగిందో లేదో, ఆయన కూర్చునే కుర్చీని తుడిచి నేను కూర్చున్నాను.

ఆ ఏడు వానలు మొహం చాటేసి రెండో వేసవి. అంత పెద్ద శింగనమల చెరువులోనే గొర్రెలు పడుకుంటున్నాయంటే మిగతా ఊళ్ళ సంగతి చెప్పాలా? బావులు ఎండి, బోర్లు గాలి పీల్చి, ఊళ్ళకు లారీల మీద నీళ్ళు తోలుతున్న కాలం. మా రోడ్డు వెంట ఊళ్ళకు నీళ్ళు తోలేది ఒక పాత ముక్కు లారీ, ఇంజను ముందుకు పొడుచుకొచ్చిన రకం. వెనక తొట్టి తీసేసి పెద్ద ఇనుప ట్యాంకు కూర్చోబెట్టారు. రోజుకొక ఊరు వంతు. లారీ ఊరి మొదట్లో ఆగి గట్టిగా హారను కొడితే, నీళ్ళొచ్చాయని అర్థం. ఆ మోత వింటే బాలింత దగ్గర నుంచి ముసలమ్మ దాకా, చేతిలో పని చేతిలో వదిలేసి బిందెతో రోడ్డు మీద ఉండేవాళ్ళు. గుడి గంటకు రానివాళ్ళు కూడా ఆ హారనుకు వచ్చేవాళ్ళు.

ఆ లారీ డ్రైవర్‌ను ఊరంతా నిమ్మకాయల మామ అనేది. దిష్టి భయం ఆయనకు. దానికి కారణం లేకపోలేదు. కరువులో నిండు ట్యాంకు నీళ్ళేసుకుని ఊళ్ళ మధ్య పోతుంటే చూసే కళ్ళు ఎన్ని! అందుకని ఇంజను ముందుండే ఇనుప జల్లెడకు, హారను పక్కనే, నిమ్మకాయలూ పచ్చి మిరపకాయలూ గుచ్చి వేలాడదీసేవాడు. ఉస్తాద్ వెళ్ళిన మర్నాడే ఆయన లారీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"ఏమప్పా, మీ ఉస్తాద్ యాడ?"

"పెండ్లికి పోయినాడు మామా. నేనుండా గదా, చెప్పు."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. చెవి వెనక స్క్రూడ్రైవరు చూసి కొంచెం మెత్తబడ్డాడు.

"హారన్ దానంతట అదే మోగతాండాదప్పా. నేను చెయ్యి పెట్టనే ల్యా. ఊరి పక్కన పోతాంటే బాఁయ్ మంటాది. ఆడోళ్ళు బిందెలెత్తుకోని రోడ్డుకడ్డం నిలబడతాండారు. ఈ పొద్దు మీ వంతు గాదమ్మా అంటే, 'మరి యాల కొట్టినావు హారన్?' అంటారు. ఏం చెప్పల్ల? ట్యాంకు దోవలోనే అయిపోతాండాది. కడాకు ఉండే ఊరికి పోతే అడుగున మడ్డి మిగుల్తాండాది."

ఆ చివరి ఊరి పేరు ఆయన నాకు చెప్పనక్కరలేదు. అది మా అక్క మెట్టినూరు.

ఆ సంగతి మొహంలో కనపడనీయలేదు. టెస్ట్ లైటు వెలగక ముందే నోరు తెరిచాను. "ఇదెంత పని మామా! నువ్వు టీ తాగేలోపల అయిపోతాది."

ఆయన చాలా టీలు తాగాడు. ఎందుకంటే ఆ లారీని షెడ్డులో నిలబెడితే బంగారం. బటన్ నొక్కితే మోగేది, వదిలితే ఆగేది. రోడ్డెక్కి గుంతలో పడిందంటే పూనకం. నేను హారను బటన్ మార్చాను. బ్యాటరీ కొసలు వేడినీళ్ళు పోసి తోమాను. స్టీరింగు విప్పి, లోపల ఏముందో చూసి భయపడి, మళ్ళీ మూసేశాను. ఒక తీగె అనుమానంగా కనిపిస్తే కత్తిరించాను. వెనక లైట్లు ఆరిపోయాయి. అతికించాను. (ఆ పని మాత్రం బాగా చేశాను. ఆ అతుకు లారీని తుక్కుకు అమ్మేదాకా ఊడలేదని తర్వాత విన్నాను. చెప్పినవాడు మంచివాడు, నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేనివాడు.)

ఇందులో ఇంకో చిక్కుంది. హారను బాగైందో లేదో తెలియాలంటే మోగించాలి. నీళ్ళ లారీ హారను మోగిస్తే ఏమవుతుంది? మొదటిసారి షెడ్డు ముందే నొక్కాను. వెనక సందులోంచి ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. ట్యాంకు ఖాళీ అని చెప్తే నమ్మలేదు, ఒకామె ఎక్కి తొంగి చూసి మరీ తిట్టింది. సరే, మనుషులే లేని చోట చూద్దామని బీడు భూముల్లోకి తీసుకుపోయాం. కనుచూపు మేర ఎర్రమట్టి, రాళ్ళు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. నొక్కాను. ఏ బండ చాటు నుంచి వచ్చాడో ఒక గొర్రెల కాపరి, చేతిలో డబ్బాతో, వెనకాల మందతో సహా ఎదురుగా నిలబడ్డాడు. మందకు కూడా ఆ మోత అర్థం తెలిసిపోయింది.

"పోనీ ఫ్యూజు పీకేద్దామా మామా? మోగనే మోగదు" అన్నాను నీరసంగా.

"పీకి? నీళ్ళు వచ్చినాయని ఎట్ల తెలుస్తాది? గొర్ల మంద అడ్డమొస్తే నీ నోటితో అరుస్తావా?"

జబ్బు అంతు చిక్కనప్పుడు వైద్యులు చేసే పనే నేనూ చేశాను. గొంతు తగ్గించి, గంభీరంగా, "మామా, ఇది తీగెల జబ్బు గాదు. దిష్టి గట్టిగా తగిలినట్టుంది. ఇంకొన్ని నిమ్మకాయలు కట్టి చూడు" అన్నాను.

నా మాటను అంత గౌరవంగా విన్న మనిషి అంతకు ముందు లేడు, తర్వాతా లేడు. సాయంత్రానికి నిమ్మకాయల సంఖ్య పెరిగింది. హారను ఇంకా ఎక్కువ మోగింది. ఆయన మిరపకాయలు కలిపాడు. ఇంకా మోగింది. వేపమండలు, బంతిపూలు, గుమ్మడికాయ ముక్క, ఎవరిదో పాత చెప్పు కూడా చేరాయి. చూస్తుండగానే లారీ ముక్కు కింద పెళ్ళికొడుకు మెడలో ఉన్నంత దండ తయారైంది. దండ బరువెక్కేకొద్దీ హారను గొంతు పెరిగింది. ఆ రెండింటికీ లంకె ఉండొచ్చని మా ఇద్దరి బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

అప్పుడు దిగింది మా అక్క.

మా అక్క గురించి ఒక్క మాట. ఆమె గొంతు మా ఇంటి ఆస్తి. చిన్నప్పుడు చేలో ఉన్న నాయనను అన్నానికి పిలవాలంటే ఎవరూ పోనక్కరలేదు, అక్క గడపలో నిలబడి పిలిస్తే చాలు, నాయనతో పాటు పక్క చేలవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. కొన్ని రోజులకు ఒక మధ్యాహ్నం బస్సు దిగి, చంకలో బిడ్డ, చేతిలో ఖాళీ బిందెతో షెడ్డు ముందు నిలబడి, రోడ్డవతల అంగళ్ళలో వాళ్ళు కూడా లేచి నిలబడేలా పిలిచింది.

"రేయ్! నువ్వేనంట గదరా ఆ లారీకి డాక్టరు?"

నేను ఉస్తాద్ కుర్చీలోంచి లేచాను. "కూర్చో అక్కా, టీ చెప్తా..."

"నీ టీ ఎవురికి కావల్లరా! మా ఊరికి నీళ్ళొచ్చి ఎన్నాళ్ళాయ తెల్సా? పొద్దున బిడ్డకు నీళ్ళు పోయల్లంటే పక్కింటామెను చెంబు అడిగి తెచ్చినా. మా అత్త ఊరంతా టాంటాం కొడతాండాది, 'మా కోడలి తమ్ముడే మేస్త్రీ అంట, అందుకే మాకు మడ్డి నీళ్ళు' అని. నేను తలెత్తుకోని తిరగల్లా వద్దా?"

బిడ్డ ఒంటి మీద చెమటకాయలు చూశాను. అంతవరకు నాకది హారను గొడవే. అప్పుడు మొదటిసారి అది నీళ్ళ గొడవ అయింది. నాకేం చేయాలో తెలియదని అక్కకు చెప్పేయాలనిపించింది. (చెప్పలేదు. 'రేపు మీ ఊరికి నిండు ట్యాంకు నేనే తెస్తా' అన్నాను. నా నోరు నాకన్నా ఎప్పుడూ రెండడుగులు ముందుంటుంది.)

మర్నాడు లారీలో ముగ్గురం బయల్దేరాం. మామ స్టీరింగు దగ్గర, మధ్యలో నేను, కిటికీ పక్కన బిడ్డతో అక్క. వెనక ట్యాంకు నిండా నీళ్ళు. మొదటి ఊరి దగ్గరే గుంత వచ్చింది, బాఁయ్ మంది. బిందెలు రోడ్డు మీదికి వచ్చాయి. మామ బ్రేకు మీద కాలు పెట్టబోయాడు.

"ఆపొద్దు మామా!" అని అక్క కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగింది. "యమ్మా! ఈ పొద్దు మీ వంతు గాదు, తప్పు మోత! బిడ్డతల్లిని చెప్తాండా, దోవ ఇడవండి తల్లా!" హారను మోగుతూనే ఉంది, అయినా ఆ మోతను తోసుకుని అక్క గొంతు వినపడింది. ఆడవాళ్ళు బిందెలు దించి, మొదట తిట్టి, తర్వాత బిడ్డను చూసి పక్కకు జరిగారు. అలా ఊరూరా హారను పిలుస్తుంటే అక్క వెనక్కి పంపుతూ, చుక్క నీళ్ళు ఒలకకుండా చివరి ఊరు చేరాం. లారీ ఊరి మొదట్లో ఆగింది. ఇక్కడ మాత్రం మామ దర్జాగా బటన్ నొక్కాడు. ఊరు ఊరంతా వచ్చింది. అక్క అత్త ముందు వరసలో, పెద్ద బిందెతో.

ఇక్కడ నేను చేసిన పనిని ముప్ఫై నలభై ఏళ్ళుగా అందరికీ ఒకే రకంగా చెప్తున్నాను: టెస్ట్ లైటు తీసి, లారీ ముక్కు కింద దూరి, ఒక్కొక్క తీగె పట్టి వెతుక్కుంటూ పోయి, ఊరి ఆడవాళ్ళంతా ఊపిరి బిగబట్టి చూస్తుండగా, 'ఇదిగో దొంగ!' అని పట్టుకున్నానని. మా మనవళ్ళకు ఈ కథ కంఠతా వచ్చు. కానీ ఇది అచ్చయ్యే రాత. అబద్ధం అచ్చులో నిలబడితే మరీ అసహ్యంగా ఉంటుంది. అందుకని ఒప్పుకుంటున్నాను. దొంగను పట్టింది నేను కాదు. మేక.

బిందెలు నిండుతుంటే నేను లారీ నీడలో కూర్చుని అక్క ఇచ్చిన రాగి సంకటి ముద్ద తింటున్నాను. ఎవరిదో ఒక మేక వచ్చి లారీ ముక్కు కింది దండను చూసింది. కరువులో పచ్చటి వేపమండలు, బంతిపూలు! నోటితో పట్టి లాగింది. బాఁయ్! బెదిరి వదిలేసింది. హారను ఆగిపోయింది. మేక కాసేపు ఆలోచించి మళ్ళీ లాగింది. బాఁయ్! వదిలింది. ఆగింది. ఆ మేక ఆకలి ఎక్కువో, భయం ఎక్కువో తేల్చుకోలేక అలా లాగుతూ వదులుతూ ఉంటే, నేను మాత్రం ముద్ద చేతిలోనే పట్టుకుని, ఆ మేకను ఏమాత్రం కదిలించకుండా, శాస్త్రవేత్తలా గమనించాను. అప్పుడు వెలిగింది.

మెల్లగా దండ పైకెత్తి చూశాను. ఉస్తాద్ రెండో పాఠాన్ని మొదటిసారి మీరాను. మామ దారంతో కడితే గతుకుల రోడ్లకు తెగిపోతోందని, దండను సన్న ఇనుప కంబితో కట్టాడు. కట్టడానికి చేతికి అందింది ఏమిటయ్యా అంటే, హారనుకు పోయే తీగెల కట్ట. ఆ లారీలో హారను బటన్ చేసే పనల్లా ఒక తీగెను లారీ ఇనుముకు తాకించడమే. తాకితే మోగుతుంది. దండ బరువుకు కంబి ఆ తీగె మీది తొడుగును కోసేసింది. గుంతలో పడ్డప్పుడల్లా నిమ్మకాయలు ఊగి, కంబిని బంపరు మీదికి లాగుతున్నాయి. అంటే బటన్ నొక్కుతున్నది నిమ్మకాయలే. నేను ఇంకొన్ని కట్టమన్నప్పుడల్లా ఇంకొన్ని చేతులు నొక్కాయి.

"మామా, దిష్టి గాదు. నీ దిష్టి నిమ్మకాయలే!" అన్నాను.

మామ చాలాసేపు దండను, నన్ను, మేకను మార్చి మార్చి చూశాడు. "మరి ఇంకా కట్టమని చెప్పింది ఎవుడప్పా?" అన్నాడు.

ఈ లోపల మేక ధైర్యం చేసి చివరిసారి గట్టిగా లాగేసరికి దండ, కంబి, కంబితో పాటు తీగె కూడా తెగి ఊడొచ్చాయి. హారను టక్కున ఆగిపోయింది. నేను తెగిన తీగె కొసలకు నల్ల టేపు శ్రద్ధగా చుట్టాను. మోగించి చూద్దామా అన్నాడు మామ. నీళ్ళు పడుతున్న ఊళ్ళో హారను కొట్టి ఎందుకు గొడవ, నా పని మీద నాకు నమ్మకముంది అన్నాను. అక్క బిందె నిండింది. అక్క అత్త బిందె కూడా నిండింది, ఆమె నన్ను చూసి, 'ఈ పిల్లోడేనా మేస్త్రీ, చేతి పని బాగుండాది' అని అందరి ముందూ అంది. అక్క తలెత్తుకుని, ఇంకో ముద్ద పెట్టింది. ఆ తర్వాత ఆ లారీ హారను దానంతట అది ఒక్కసారి కూడా మోగలేదు. ఈ ఒక్క వాక్యంలో మాత్రం రవ్వంత అతిశయోక్తి లేదని ప్రమాణం చేయగలను.

నిన్న ఇదంతా రాసి, అక్క ఇంటికి పోయి చదివి వినిపించాను. ఆమె ఇప్పుడు వసారాలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ కాలం గడుపుతోంది. ఇంట్లో కొళాయి ఉంది, రోజు మార్చి రోజు వస్తుంది. ఆనాటి చంకలో బిడ్డకు ఇప్పుడు జుట్టు నెరుస్తోంది. చదువుతున్నంత సేపూ నాకు ఆ ఉస్తాద్ కుర్చీలో కూర్చున్న కుర్రవాడు కనిపిస్తున్నాడు. ఏమీ తెలియదు వాడికి, కానీ ఏమీ తెలియదన్న సంగతి కూడా తెలియదు. ఆ ధీమా ఇప్పుడు నాకెవరైనా అప్పిస్తే ఎంత బాగుండు అనిపించి, నాలో నేనే నవ్వుకున్నాను. కాగితాలు మడిచి, ఎలా ఉందక్కా అన్నాను.

అక్క చెనక్కాయ పగలగొట్టి, గింజలు చాటలో వేసి, తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"ఆ మేకను శాస్త్రవేత్త మాదిరి సూస్తా కూర్చుంటివా? సంకటి ముద్ద పక్కన పెట్టి దాన్ని కొట్టేకి రాయెత్తితివి గదరా! గమ్మునుండు, దాన్ని లాగనీ, మోత సూడు అని నీ చెయ్యి పట్టుకునింది నేను."

"సర్లే అక్కా, అది మర్చిపోయినా. తక్కినదంతా నిజమే గదా? ఆ హారన్ మళ్ళా దానంతట అది మోగనే ల్యా గదా?"

అప్పుడు తల ఎత్తింది. గొంతు కూడా ఎత్తింది. రోడ్డు మీద పోతున్నవాడెవడో మోటారు సైకిలు ఆపి వెనక్కి చూశాడు.

"దానంతట అదే గాదురా, వత్తినా మోగలేదు! తెగిన తీగె కలపకుండా ఈ కొసకొగ టేపు, ఆ కొసకొగ టేపు చుట్టి పోతివి. మళ్ళా మా వంతు వచ్చినప్పుడు బండి వచ్చి, మోత ల్యాక, ఎవురూ బయటికి రాక, నిండు ట్యాంకుతో ఎనక్కి తిరగబోయె. బిడ్డను చంకనేసుకోని దాని ఎనకాల పరిగెత్తి ఆపితి. ఊరంతా తిరిగి గొంతు పగిలేట్టు అరస్తి. మీ ఉస్తాద్ పెండ్లి నుంచి వచ్చి ఆ తీగె కలిపేదాకా ఆ లారీకి హారన్ నేనేరా! రాసుకో అది."